చెవిలో చెప్పని పేరు

మా మనవరాలు హైదరాబాదు నుంచి రోజుకు రెండుసార్లు ఫోను చేస్తోంది. నా మీద ప్రేమ పొంగి కాదు, పేరు కోసం. దానికి ఆడపిల్ల పుట్టి పద్దెనిమిది రోజులైంది. ఇరవై ఒకటో రోజున తొట్టెలలో వేసి పేరు పెట్టాలి. అశ్విని నక్షత్రమట, 'చు' అక్షరంతో మొదలుకావాలని పంతులుగారు చెప్పారట. భార్యాభర్తలిద్దరూ సెల్‌ఫోన్లలో వెతికి వెతికి అలసిపోయాక, ఇంట్లో మిగిలిన పాత సామానులా నేను గుర్తొచ్చాను. పేరు పాతదై ఉండాలి, కాని ఎక్కడా వినబడనిదై ఉండాలి, రేపు బడిలో ఇంకో పిల్లకు ఉండకూడదు. ఇవీ దాని షరతులు. ముప్పై ఏళ్లు పంతులమ్మగా పొద్దున్నే హాజరు పిలిచినదాన్ని కాబట్టి నా దగ్గర పేర్ల మూట ఉంటుందని దాని నమ్మకం. ఉంది. కాని 'చు'తో మొదలయ్యే పేరు అందులో ఒక్కటే ఉంది. దాన్ని బయటికి తీయడానికే నాకు చేతులు రావడం లేదు.

అదే వారంలో రేగొండ నుంచి ఒక కార్డు వచ్చింది. దశదినకర్మ కార్డు. జనగామలో నేను ఒక్కదాన్నే ఉండే ఈ ఇంటికి ఉత్తరాలు రావడం ఎప్పుడో మానేశాయి, కరెంటు బిల్లు తప్ప. అందుకని పోస్టుమ్యాను గేటు దగ్గర నిలబడి పిలిస్తే ముందు నమ్మలేదు. కార్డు మీద ఒక పెద్దామె ఫోటో, కింద 'కీర్తిశేషురాలు పెంటమ్మ' అని పెద్ద అక్షరాలు. వెనుక కొడుకు చేతిరాత: మా అమ్మ చిన్నప్పుడు మీ ఇంట్లో పెరిగిందని చెప్పేది, మీరు తప్పక రావలెను. ఫోటోలో ఆమె ముఖం నేను గుర్తుపట్టలేదు. మూడేళ్ల పిల్లగా చూసిందే చివరిసారి. కాని ఆ పేరు చూసి మంచం మీద కూర్చుండిపోయాను. ఆ పేరుతో ఆమె డెబ్బై ఏళ్లకు పైగా బతికింది. ఆ పేరుతోనే పోయింది. అందుకు కారణం నేనని ఆమెకు తెలియదు.

మాది రఘునాథపల్లి పక్కన చిన్న పల్లె. నాలుగెకరాల ఎర్రనేల, ఒక జత ఎడ్లు, రెండర్రల పెంకుటిల్లు. మా నాయినమ్మ మంత్రసాని. చుట్టుపక్కల నాలుగూళ్లలో పుట్టిన పిల్లలను మొదట పట్టుకున్నవి ఆమె చేతులే. ఆమె గది వాసన నాకు ఇప్పటికీ ముక్కులో ఉంది. వాము, వెల్లుల్లి, నువ్వుల నూనె, బాలింతల స్నానానికి ఎండబెట్టిన వావిలాకు, వీటన్నిటి మీదా ఆమె కాల్చే చుట్ట వాసన. పొద్దున లేచి వాకిట్లో సాన్పి చల్లి, పొయ్యి మీద అంబలి కుండ పెట్టి, గడప మీద కూర్చుని చుట్ట ముట్టిస్తే ఊళ్లో వాళ్లకు తెల్లవారినట్టు. నేను ఆమె పక్కలోనే పడుకునేదాన్ని. ఆమె చీర కొంగును పిడికిట్లో పట్టుకుంటే తప్ప నాకు నిద్ర వచ్చేది కాదు. ఆమె నా సొత్తని నా ఉద్దేశం. అలాంటి మనిషికి ఒక పేరు ఉంటుందని మాత్రం నాకు ఎనిమిదేళ్లు వచ్చేదాకా తోచలేదు. ఊరికి ఆమె మంత్రసానవ్వ, బాపుకు అమ్మ, మా అమ్మకు అత్త, నాకు నాయినమ్మ. తాత బతికి ఉన్నప్పుడు 'ఏమే' అనేవాడట.

నాకు తర్వాత మా అమ్మకు ముగ్గురు పిల్లలు పుట్టి, ఎవరూ నెల దాటలేదు. ఈ ఐదో కాన్పు కోసం నాయినమ్మ మొక్కని దేవత లేదు. అప్పుడే మా ఊరు అట్టుడికిపోతోంది. నిజాం రాజ్యం పోయింది, మనకు మంచిరోజులు వచ్చాయని అనుకునేంతలో, అడవిలో ఉన్న సంగం వాళ్లను పట్టుకోవడానికి మిలిటరీ లారీలు దిగాయి. దొర పారిపోయిన గడీలో క్యాంపు పెడతారని వదంతి. దొరల మీద తిరగబడ్డ ఆ సంగంలో బాపు పెద్ద మనిషేమీ కాదు. అడిగితే నాలుగు కుంచాల జొన్నలు ఇచ్చేవాడు, ఫలానా బాటన పోవద్దని కబురు చెప్పేవాడు, అంతే. ఆ చిన్న పనివల్లే మా ఇంటికి ఆ మనిషి వచ్చింది.

వరికోతల కాలం. మానుకోట దిక్కు నుంచి వచ్చిన కూలీల గుంపులో, చేతిలో కొడవలితో, పట్టపగలే మా వాకిట్లోకి నడిచి వచ్చింది. పాతికేళ్లు ఉంటాయేమో. వదులుగా చుట్టిన చీర కింద కడుపు నిండుగా ఉంది. ఆమె కూడా అడవిలోని సంగం మనిషేనని, ఆమె భర్త అప్పటికే అక్కడ తుపాకి దెబ్బ తగిలి చనిపోయాడని తర్వాత తెలిసింది. ఆమెను మా ఇంటికే ఎందుకు పంపారంటే, మా ఇంట్లో ఒక నిండు గర్భిణి ఉంది, ఒక మంత్రసాని ఉంది. ఒక పురుడు చాటున రెండో పురుడు దాచవచ్చు. పసిపిల్ల ఏడుపు వినబడినా ఎవరూ అనుమానించరు. కాన్పు కాగానే బిడ్డను తీసుకుని వెళ్లిపోవాలని అనుకున్నారు. నాయినమ్మ ఆమెను కిందికీ మీదికీ చూసి, లోపలికి తోలుకుపోయి వేడి వేడి జొన్న గటక పెట్టింది. నేను అక్కా అని పిలిచేదాన్ని. అసలు పేరు అడగొద్దని బాపు ముందే చెప్పాడు.

రెండు రోజుల తేడాతో రెండు కాన్పులయ్యాయి. ఆమెకు ఆడపిల్ల. మా అమ్మకు మగపిల్లవాడు. తమ్ముడు ఒక పగలంతా బతికి, పొద్దు గూకేముందు కళ్లు మూశాడు. మా అమ్మ ఏడవడానికి కూడా లేదు, ఏడిస్తే ఇరుగుపొరుగు వస్తారు, వస్తే లోపల ఇంకో బాలింత ఉన్న సంగతి బయటపడుతుంది. చీర చెంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగి పడుకుంది. బాపు ఆ చిన్న మూటను ఎరువు గంపలో పెట్టుకుని చేను దిక్కు పోయాడు. మా అమ్మను తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆ వీపే గుర్తొస్తుంది.

మరో నాలుగు రోజులకు గడీలో నిజంగానే మిలిటరీ దిగింది. ఇల్లిల్లూ వెతుకుతారని కబురు. అక్క పోవాలి, పసిపిల్లతో అడవి బాట పట్టడం కుదరదు. ఎవరూ ఎవరినీ అడగలేదు. మా అమ్మ గోడ వైపు నుంచి ఇటు తిరిగి, చేతులు చాపి ఆ పిల్లను తీసుకుని పాలిచ్చింది. అక్క అది చూస్తూ, పాలు కట్టిన తన రొమ్ములకు గుడ్డ బిగించి కట్టుకుంది. తర్వాత నాయినమ్మ వైపు తిరిగి అడిగిన మాట నేను గడప మీద కూర్చుని విన్నాను.

“నీ పేరేందవ్వా?”

నాయినమ్మ చుట్ట నోట్లోంచి తీసింది. “నా పేరుతోటి నీకేం పని బిడ్డా?”

“నా బిడ్డకు పెడుతరని. నేను రెండేండ్లల్ల మూడు పేర్లు మార్చిన. మా అవ్వ పెట్టిన పేరు ఎవ్వరు పిలుస్తలేరు. దీనికన్న మార్చుకునే పని లేని పేరు ఉండాలె. నీ కోడలి పాలు తాగి నీ పేరు మోస్తది. మల్ల నేనొచ్చి గా పేరుతోటే పిలుస్త.”

నాయినమ్మ చుట్ట బూడిద రాల్చింది. ఎవరో గట్టిగా తిట్టినట్టు ఆమె ముఖం ఎర్రబడింది. పెళ్లయిన నాటి నుంచి ఆ మాట ఆమెను ఎవరూ అడిగి ఉండరని ఈ వయసులో నాకు అర్థమవుతోంది. చివరికి చుట్ట వైపు చూస్తూ, ఎవరిదో పేరు చెప్పినట్టు, “చుక్కమ్మ” అంది. తెల్లవారుజామున చుక్క పొడిచే వేళ పుట్టిందట. అక్క ఆ పేరు రెండుసార్లు తనలో తాను అనుకుని, కొడవలి తీసుకుని, కూలీలతో కలిసి వచ్చిన దారినే వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే పోలేకపోయేదేమో.

నాకు కడుపు మండిపోయింది. నాయినమ్మకు పేరు ఉందని నాకు తెలిసిన క్షణమే అది ఇంకొకరి పిల్లకు వెళ్లిపోయింది. ఆమె పక్కలో పడుకున్నది నేను, కాళ్లు ఒత్తింది నేను, చుట్టకు నిప్పు తెచ్చి ఇచ్చింది నేను. నాకేమో పంతులు పంచాంగం చూసి ఊళ్లో ఆరుగురికి ఉన్న ఒక దేవత పేరు పెట్టాడు. ఎనిమిదేళ్ల పిల్లకు అంత పగ ఉంటుందా అంటే, ఉంటుంది. బడిలో ముప్పై ఏళ్లు అలాంటి పిల్లలను చూశాను కూడా.

మా దిక్కున పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే ఒక రివాజు ఉండేది. తర్వాత పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, మరొకరు దొరికిన పిల్లలా చాటలో ఎత్తుకుని తెస్తారు. తల్లి చాటెడు తవుడు ఇచ్చి ఆ బిడ్డను కొనుక్కుంటుంది. ఇక ఆ పిల్ల మనది కాదు, దిష్టి తగలదు, మృత్యువు దాని జోలికి రాదు. ఆ పిల్లకు పెంటమ్మ అనో, పిల్లవాడైతే పెంటయ్య అనో పేరు. నాయినమ్మ పదకొండో రోజున, నిండు పగలు, వాడకట్టంతా చూస్తుండగా ఈ పని చేసింది. పిల్లను పెంట మీద పెట్టి, చాటలో ఎత్తుకుని, “గీ పోరి నాకు పెంట మీద దొరికింది, ఎవరన్న కొంటరా?” అని గట్టిగా అడిగింది. మా అమ్మ వాకిట్లోకి వచ్చి తవుడు పోసి కొనుక్కుంది. అటుగా వచ్చిన ఇద్దరు మిలిటరీవాళ్లు ఆగి ఇదేమిటని అడిగితే, ఊరి కావలికారు వాళ్లకు వచ్చీరాని ఉర్దూలో ఇది మా రివాజని చెప్పాడు. వాళ్లు నవ్వుకుంటూ వెళ్లిపోయారు. నాయినమ్మ చెప్పింది అక్షరాలా నిజం. దొరికిన పిల్లను దొరికిందని ఊరందరికీ చెప్పింది, ఒక్కరూ నమ్మలేదు.

కాబట్టి బయటికి పెంటమ్మ. ఇంట్లో చుక్కమ్మ కావాలి. ఇరవై ఒకటో రోజున తొట్టెలలో వేశారు. బిడ్డ చెవిలో పేరు మూడుసార్లు చెప్పాలి. చెప్పడానికి మేనత్త లేదు. మా అమ్మ అత్తపేరు నోటితో పలకకూడదు. బాపు కన్నతల్లిని పేరు పెట్టి పిలిచినట్టు అవుతుందని తల అడ్డంగా ఊపాడు. నాయినమ్మ తన పేరు తానే చెప్పుకోవడానికి సిగ్గుపడింది. అందరూ కలిసి నా వైపు చూశారు. నాయినమ్మ నన్ను పక్కకు పిలిచి గడ్డం పట్టుకుంది.

“గీ ఇంట్ల గా పేరు పిలిసేటిదానివి నువ్వొక్కదానివే బిడ్డా. గిప్పుడు చెవుల చెప్పు. రేపటి సంది రోజుకొక్కపారన్న పిలువు. లేకుంటె దానికి తెల్వకుంట పోతది.”

నేను తొట్టెల మీదికి వంగాను. పిల్ల ఒంటి నుంచి వాము పొగ వాసన. చెవి తమలపాకు చివరంత మెత్తగా ఉంది. ఆ చెవి దగ్గర నోరు పెట్టి, ఎవరికీ వినబడకుండా, పెంటీ, పెంటీ, పెంటీ అన్నాను. లేచి నిలబడితే నాయినమ్మ “చెప్పినవా?” అని అడిగింది. చెప్పిన అన్నాను.

ఆ తర్వాత మూడేళ్లు ఎన్నో అనుకున్నాను. రేపటి నుంచి పిలుద్దాం, ఈ పండక్కి పిలుద్దాం అని. పిల్ల నా వెంటే తిరిగేది. నా చేతి ముద్దే తినేది. పగ ఎప్పుడు కరిగిపోయిందో నాకే తెలియదు, దానికి జ్వరం వస్తే నేను అన్నం మానేసేదాకా వచ్చింది. కాని నోరు పెంటికే అలవాటు పడింది. ఒక్కసారి అబద్ధం చెప్పాక కొత్తగా ఆ పేరు పిలవాలంటే సిగ్గు. నాయినమ్మ కాన్పుల కోసం ఊళ్ల వెంట తిరుగుతుండేది. ఆమె లేనప్పుడు నేను పిలుస్తున్నాననే అనుకుందేమో, అడగలేదు.

పోరాటం ఆగింది. అడవిలో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే ఇళ్లకు వచ్చారు. ఒక మధ్యాహ్నం అక్క వచ్చింది. మనిషి సగమై, జుట్టు పలచబడి, రైలు దిగి నడిచి వచ్చిన దుమ్ముతో వాకిట్లో నిలబడింది. పెంటి గడప పక్కన కూర్చుని చింతగింజలు ఆడుకుంటోంది. అక్కకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. వాకిట్లోనే మోకాళ్ల మీద కూర్చుని, “చుక్కా” అని పిలిచింది. పిల్ల గింజలు లెక్క పెట్టుకుంటోంది. “చుక్కమ్మా” అని మళ్లీ పిలిచింది, కొంచెం గట్టిగా. పిల్ల తల ఎత్తలేదు. అక్క ముఖంలో రక్తం లేదు. మా అమ్మ వైపు తిరిగి, “దీనికి చెవులు ఇనస్తయా?” అని అడిగింది.

మా అమ్మ ఏమనాలో తెలియక, “పెంటీ” అంది. పిల్ల వెంటనే తల తిప్పి నవ్వింది.

నాయినమ్మ చేతిలో చుట్ట ఆరిపోయింది. ఆమె నా వైపు చూసింది. ఒక్కసారే చూసింది. అక్క, పేరు పెట్టలేదా అవ్వా అని అడిగితే, “పెట్టినం బిడ్డా. పిలువలే” అంది. తప్పు అందరి మీదా వేసుకుంది. నన్ను ఆనాడూ ఏమీ అనలేదు, ఆ తర్వాత చనిపోయేదాకా అనలేదు. అంటే బాగుండేది. ఆ రాత్రి నుంచి ఆమె పక్కలో పడుకోవడానికి నాకు మొహం చెల్లక, మా అమ్మ దగ్గరికి మారాను.

అక్క రెండు రోజులు ఉంది. పిల్లకు బెల్లం పెట్టింది, జుట్టు దువ్వింది, చుక్కా చుక్కా అని నూరుసార్లు పిలిచింది. పిల్ల తమాషాగా చూసేదే తప్ప పలకలేదు. రేగొండ దగ్గర అత్తవారి ఊరికి పోవాలి, చేలు దున్నుకుని బతకాలి. మూడో రోజు పొద్దున మా అమ్మ పిల్ల బట్టలన్నీ ఉతికి మూట కట్టింది. పిల్ల మా అమ్మ కాళ్లు చుట్టుకుని వదల్లేదు. అక్క వాకిలి దాటి బాట మీద నిలబడి చేతులు చాపింది. చుక్కా, రా అంది. పిల్ల కదల్లేదు. అలా ఎంతసేపు నిలబడిందో. చివరికి చేతులు దించి, మళ్లీ ఎత్తి, చాలా మెల్లగా, తనకే వినబడీ వినబడనట్టు, “పెంటీ, రా బిడ్డా” అంది.

పిల్ల వెళ్లింది.

వాళ్లు చెలక గట్టు మలుపు తిరిగేదాకా నేను వెనక పరిగెత్తాను. అక్కడ ఆగి, గొంతు పగిలేలా చుక్కా అని అరిచాను. మొదటిసారి. తల్లి తిరిగి చూసింది. పిల్ల చూడలేదు.

పెద్దదాన్నై, ఉద్యోగం వచ్చి, పెళ్లయి, పిల్లలు పుట్టాక రేగొండ నుంచి రెండుసార్లు కబురు వచ్చింది. పెంటమ్మ పెళ్లికి రమ్మని ఒకసారి, అక్క చనిపోయిందని ఒకసారి. బడికి సెలవు దొరకలేదని మొదటిసారి చెప్పాను, ఆరోగ్యం బాగా లేదని రెండోసారి. వెళితే పెంటమ్మకు తన అసలు పేరు చెప్పాల్సి వస్తుంది. చెబితే ఆ పేరు ఎందుకు పోయిందో చెప్పాల్సి వస్తుంది. ఇక ఇప్పుడు చెప్పుకుందామన్నా వినేవాళ్లు లేరు. కార్డు అందేసరికే దశదినకర్మ కూడా అయిపోయింది.

ఈ కాలం పిల్లలు పేరు కోసం ఎంత వెతుకుతున్నారో పిలవడానికి అంత బద్ధకిస్తున్నారు. వెయ్యి పేర్లు జల్లెడ పట్టి ఒకటి తీస్తారు, కాగితాల మీద ఎక్కిస్తారు, ఆ పైన ఇల్లంతా కలిసి కన్నా, బంగారం, చిన్ను. మా కాలంలో పేర్లకు కరువు లేదు, పిలిచే హక్కుకే కరువు. రెండిటికీ నాకు పెద్ద తేడా కనబడదు. నా సంగతే చూడండి. మా ఆయన ఒక్కడే నన్ను పేరు పెట్టి పిలిచేవాడు, అది కూడా కోపం వచ్చినప్పుడు. ఆయన పోయి పన్నెండేళ్లు. ఇప్పుడు నేను అమ్మమ్మను, టీచరమ్మను, పింఛను కాగితాల మీద ఒక నంబరును. నా పేరు చివరిసారి ఎవరి నోట విన్నానో గుర్తు చేసుకోబోతే గుర్తు రాలేదు.

ఈ సాయంత్రం మనవరాలు మళ్లీ ఫోను చేసింది. గుర్తొచ్చిందా అమ్మమ్మా అంది. చుక్కమ్మ అన్నాను. మనవరాలు ఆ పేరు ఒకసారి పలికి చూసుకుంది. తర్వాత, బాగుందే, చుక్క అని పిలుచుకోవచ్చు, వాళ్ల నాన్నను అడుగుతానంది. ఆ వెంటనే అనుమానం వచ్చి అడిగింది.

“ఆ పేరున్నవాళ్లు నీకు తెలుసా అమ్మమ్మా?”

“ఇద్దరు తెలుసు బిడ్డా. ఒకామెను ఎవ్వరు పిలువలే. ఇంకొకామెను నేను పిలువలే.”

దానికి అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పే లోపల పాప ఏడుపు అందుకుంది. ఇదుగో నువ్వే చెప్పు దానికి అంటూ మనవరాలు నవ్వి, ఫోను పాప చెవి దగ్గర పెట్టింది. పసిపిల్ల ఊపిరి నా చెవికి వినబడుతోంది. రేపు వాళ్లు కాగితాల మీద ఏ పేరు రాయిస్తారో నాకు తెలియదు. మంచం మీద సర్దుకుని కూర్చున్నాను. మూడుసార్లు చెప్పాను. ఈసారి సరిగ్గా చెప్పాను.